సభ్యత్వమా, స్నేహమా, డబ్బు ఒప్పందమా? పొరుగు దేశాలతో ఐరోపా సమాఖ్యకు ఏది మేలు?

పొరుగువాళ్లను ఇంట్లోకి రానివ్వడం ఒక పద్ధతి, అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడి పంపడం ఇంకో పద్ధతి, డబ్బిచ్చి వీధి చివర కాపలా పెట్టడం మూడోది. ఇరవై ఏళ్లలో ఐరోపా సమాఖ్య (ఈయూ) ఈ మూడూ చేసింది.

2004 మే 1న పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ సహా 10 దేశాలు ఒకేసారి సభ్యులయ్యాయి. అందుకోసం కోర్టుల నుంచి మార్కెట్ నియమాల దాకా అన్నీ మార్చుకున్నాయి. చివర్లో సభ్యత్వం ఖాయమన్న నమ్మకం ఉంది కాబట్టి ప్రభుత్వాలు మారినా పని ఆగలేదు. 1990 ప్రాంతంలో పోలండ్, ఉక్రెయిన్ సగటు ఆదాయాలు దాదాపు సమానంగా ఉండేవి. 2021 నాటికి పోలండ్ సగటు ఉక్రెయిన్‌కు మూడు రెట్లు దాటింది. సభ్యత్వం ఒక్కటే దీనికి కారణమని అనను, కానీ దాని పాత్ర పెద్దదే.

అదే 2004లో మిగతా పొరుగువాళ్ల కోసం ‘పొరుగు విధానం’ వచ్చింది. మొరాకో నుంచి అజర్‌బైజాన్ దాకా 16 దేశాలను ఒకే గాటన కట్టారు. ‘ఈయూ సంస్థల్లో చోటు తప్ప అన్నీ పంచుకుందాం’ అన్నది అప్పటి ఈయూ కమిషన్ (ఈయూ పాలనా విభాగం) అధ్యక్షుడు రొమానో ప్రోడీ ఆలోచన. వినడానికి బాగుంది. చిక్కల్లా ఏమిటంటే, సంస్కరణలు మాత్రం సభ్యత్వానికి అడిగినంత గట్టిగా అడిగి, ప్రతిఫలం సగమే చూపించారు. 2013 నవంబర్‌లో రష్యా ఒత్తిడి పెరిగినప్పుడు ఉక్రెయిన్ అధ్యక్షుడు యనుకోవిచ్ ఈయూ ఒప్పందంపై సంతకం పెట్టకుండా వెనక్కి తగ్గారు. కీవ్‌లో జనం చలిలో ఈయూ జెండాలు పట్టుకుని నెలల తరబడి నిలబడ్డారు. ఆ జనానికి సభ్యత్వం ఇస్తామని ఈయూ గట్టిగా చెప్పలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకుంది.

ఈ విధానం వల్ల మేలు జరగలేదని కాదు. 2014లో మాల్దోవా, 2017లో జార్జియా, ఉక్రెయిన్ ప్రజలకు షెంగెన్ దేశాలకు (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఐరోపా దేశాలు) వీసా లేని ప్రయాణం దొరికింది. పిల్లల చదువు కోసం వీసా కాగితాలు పోగేసిన మన తల్లిదండ్రులకు దాని విలువ చెప్పక్కర్లేదు.

మూడోది డబ్బు ఒప్పందం. 2011 అరబ్ తిరుగుబాట్ల తర్వాత ‘ఎక్కువ సంస్కరణకు ఎక్కువ సాయం’ అన్న ఈయూ, 2015 శరణార్థుల సంక్షోభంతో మాట మార్చి స్థిరత్వం అనడం మొదలుపెట్టింది. శరణార్థులను ఐరోపాకు రాకుండా ఆపడానికి 2016లో టర్కీతో 600 కోట్ల యూరోల ఒప్పందం, 2023లో ట్యునీషియాతో ఒప్పందం, 2024లో ఈజిప్టుతో 740 కోట్ల యూరోల ప్యాకేజీ. టర్కీ ఒప్పందం తర్వాత గ్రీస్ దీవులకు వచ్చేవాళ్లు బాగా తగ్గారన్నది నిజం. కానీ తాళం పొరుగువాడి చేతికి వెళ్లింది. 2020లో టర్కీ గేట్లు తెరిచేసరికి గ్రీస్ సరిహద్దులో టెన్షన్ మొదలైంది. ట్యునీషియాలో పార్లమెంటును రద్దు చేసిన అధ్యక్షుడితోనే ఒప్పందం కుదుర్చుకున్నారు. మూడింటిలో ఇదే నాసిరకం అని నా అభిప్రాయం.

2022లో రష్యా దాడి మొదలైన నాలుగు నెలలకే ఉక్రెయిన్, మాల్దోవాలకు అభ్యర్థి హోదా (సభ్యత్వ దారిలో అధికారిక గుర్తింపు) ఇచ్చారు. అంటే మళ్లీ మొదటి దారికే వచ్చారు. నా ఓటు కూడా దానికే. అయితే ఆశ పెట్టి ఏళ్లు గడిపితే అది కూడా విషమే. ఉత్తర మాసిడోనియా 2005 నుంచి అభ్యర్థి. ‘మాసిడోనియా’ అన్న పేరు మీద గ్రీస్ అభ్యంతరం తీర్చడానికి 2019లో దేశం పేరే మార్చుకుంది. మరుసటి ఏడాది సభ్యత్వ చర్చలకు బల్గేరియా అడ్డుపడింది. ప్రతి మెట్టులోనూ అన్ని సభ్య దేశాలూ ఒప్పుకోవాలన్న నియమం ఉన్నంతకాలం ఇది తప్పదు.

అందుకే సభ్యత్వం వచ్చేదాకా ఆగకుండా ప్రయోజనాలను మెట్టుమెట్టుగా ఇవ్వడమే మేలు. ఉత్తర మాసిడోనియా, మాల్దోవా, అల్బేనియా, మాంటెనెగ్రోలను 2025 నాటికి ఈయూ యూరో చెల్లింపుల వ్యవస్థలోకి తీసుకున్నారు. ఇటలీలో పనిచేసే అల్బేనియా కూలీ ఇంటికి డబ్బు పంపితే కమీషన్ తగ్గుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు మీద బతికే కరీంనగర్ కుటుంబాలను అడిగితే, ఆ మిగిలిన డబ్బు నెల ఖర్చుల్లో ఎంత తేడా చేస్తుందో చెబుతారు.