రెండేళ్లు మైన్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో: భూగర్భ గని ప్రాజెక్ట్ చేసిన స్టూడెంట్ రివ్యూ

ఫైనల్ ఇయర్‌లో మా నలుగురికీ పడిన ప్రాజెక్ట్, ఒక భూగర్భ గనిని మొదటి నుంచి చివరి దాకా ప్లాన్ చేసి డిజైన్ చేయడం. డ్రిల్ హోల్ డేటా (నేలలోకి రంధ్రాలు వేసి తీసిన రాయి వివరాలు) ఇచ్చారు, ఖనిజం ధర ఇంత అనుకోండి అన్నారు, మిగతాదంతా మీరే చూసుకోండి అన్నారు. ఆ ఏడాదంతా ఒక త్రీడీ మైన్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాను. తర్వాత ఇంకో ఏడాది జూనియర్ల ప్రాజెక్టులకి సాయం చేస్తూ అదే వాడాను. దాని పేరు రాయడం లేదు. ఇలాంటివే ఇంకో రెండు ప్యాకేజీలు కొన్నాళ్లు వాడి చూశాను, మెనూలు వేరు గానీ తీరు దాదాపు ఒకటే, కాబట్టి నేను చెప్పేది ఏ ఒక్కదాని గురించీ కాదు.

ముందు మంచి చెప్తాను. డ్రిల్ హోల్స్ నుంచి ఖనిజం ఆకారం కట్టడం, దాన్ని చిన్న చిన్న బ్లాకులుగా కోసి ప్రతి బ్లాకుకీ గ్రేడ్, అంటే అందులో ఎంత సరుకుందో, అంటించడం, ఫలానా కట్ ఆఫ్ (తవ్వితే గిట్టుబాటయ్యే కనీస గ్రేడ్) పెడితే ఎన్ని టన్నులు, ఏ గ్రేడ్ అని క్షణాల్లో చూపించడం, ఈ పనులకి దీన్ని మించింది లేదు. మా ఖనిజం 80 లక్షల టన్నులు, 70 డిగ్రీల వాలు, సగటున 8 మీటర్ల మందం, ఒక చివర మాత్రం 5 మీటర్లకి సన్నబడిపోతుంది. నేల నుంచి 100 మీటర్ల లోతులో మొదలై 400 దాకా వెళ్తుంది. ఇదంతా కాగితం మీద సెక్షన్లు గీసి ఊహించుకోవాలంటే మా వల్ల అయ్యేది కాదు. తెర మీద అటూ ఇటూ తిప్పి చూస్తే ఖనిజం మధ్యలో ఎక్కడ వంకర తిరిగిందో కూడా కనిపించేది.

గొడవంతా ఆ తర్వాత మొదలైంది. ఈ సాఫ్ట్‌వేర్ ఏం గీయమంటే అది గీస్తుంది. డిక్లైన్, అంటే ట్రక్కులు గనిలోకి దిగే వాలు సొరంగం, ఎంత వాలు పెడతావు అంటుంది, ఎందుకు అంత అని అడగదు. మొదటి నెలలోనే మేం ఒక అందమైన స్పైరల్ డిక్లైన్ గీసేసి, రంగులు వేసి, వీడియో కూడా తీసుకున్నాం. దాన్ని చూసి ప్రాజెక్ట్ సగం అయిపోయింది అనుకున్నాం. నిజానికి ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు.

అసలు ఏ పద్ధతిలో తవ్వాలో తేల్చకుండా డిక్లైన్ గీయడమే పొరపాటు. పద్ధతి ఎంచుకోవడానికి నికొలస్ 1981లో ఇచ్చిన మార్కుల విధానం ఉంది, ఖనిజం ఆకారం, మందం, వాలు, రాయి బలం చూసి ఒక్కో పద్ధతికి మార్కులు వేస్తారు, పనికిరాదు అనిపించినదానికి −49 వేసి ఏకంగా పోటీలోంచి తీసేస్తారు. తర్వాత బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు మార్చిన పద్ధతిలో −10 కూడా పెట్టారు, అంటే పూర్తిగా కొట్టేయకుండా గట్టిగా వెనక్కి నెట్టడం అన్నమాట. మా లెక్కలో సబ్‌లెవెల్ స్టోపింగ్ (లెవెల్స్, అంటే గని అంతస్తుల మధ్య ఖనిజాన్ని పెద్ద గదులుగా పేల్చి తీయడం, ఆ గదే స్టోప్), కట్ అండ్ ఫిల్ (పొరపొరగా తీస్తూ ఖాళీని నింపుకుంటూ వెళ్లడం) రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. రెండు మార్కుల తేడా చూపించి ఇదే గెలిచింది సార్ అంటే మా గైడ్ నవ్వి, ఆ రాయికి రేటింగ్ ఇంకొకడు వేస్తే ఆ రెండు మార్కులూ అటు పోతాయి, రెండిటికీ టన్ను ఖర్చు వేసుకుని రండి అన్నారు. వేశాం. ఖర్చు వైపు నుంచి స్టోపింగ్ నిలబడింది. ఈ పనంతా ఎక్సెల్‌లో జరిగింది, లక్షలు పెట్టి కొనే ప్యాకేజీలో దీనికి చోటే లేదు.

స్టోప్ సైజు దగ్గర తగిలిన దెబ్బ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. లెవెల్‌కీ లెవెల్‌కీ మధ్య 40 మీటర్లు, స్టోప్ పొడవు 30 మీటర్లు పెట్టి మొత్తం గని గీసేశాం. 40 ఎందుకు అంటే లెవెల్స్ తక్కువ పడతాయి కాబట్టి, అంతకు మించి కారణం లేదు. తర్వాత తీరిగ్గా స్టెబిలిటీ గ్రాఫ్, అంటే స్టోప్ గోడ నిలబడుతుందో లేదో చూపే గ్రాఫ్, తీశాం. మాథ్యూస్ బృందం 1981లో ఇచ్చింది, 1988లో పోట్విన్ సవరించారు. అందులో ఒక వైపు స్టెబిలిటీ నంబర్, అంటే గోడ రాయి ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె, ఇంకో వైపు హైడ్రాలిక్ రేడియస్, అంటే గోడ వైశాల్యాన్ని దాని చుట్టుకొలతతో భాగించగా వచ్చేది. మా హ్యాంగింగ్ వాల్ (ఖనిజానికి పైవైపు ఉండే గోడ) వాలు మీద 42.6 మీటర్లు, పొడవు 30, భాగిస్తే 8.8 మీటర్లు. ఇక రాయి సంగతి. రాయి నాణ్యతకి అంకె ఇచ్చే బార్టన్ వాళ్ల క్యూ సిస్టమ్ 1974 నుంచి ఉన్నదే, అందులో నీళ్లూ ఒత్తిడీ పక్కన పెడితే మాకు వచ్చింది 5. పగుళ్లు గోడకి దాదాపు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి 0.3తో గుణించాలి, వాలుకి ఇంకో 6, ఒత్తిడికి 1. మొత్తం 9. గ్రాఫ్ మీద 9, 8.8 దగ్గర చుక్క పెడితే అది నిలబడే భాగం దాటి దర్జాగా బయట కూర్చుంది. నెల రోజులుగా రంగులేసి తిప్పి చూసుకుంటున్న గని గోడలు కూలిపోయే గోడలన్నమాట. సాఫ్ట్‌వేర్ ఒక్క వార్నింగ్ ఇవ్వలేదు. ఎందుకిస్తుంది, దానికి రాయి అంటే డెన్సిటీ ఒక్కటే తెలుసు.

లెవెల్ 25 మీటర్లకి, స్టోప్ పొడవు 20కి తగ్గిస్తే హైడ్రాలిక్ రేడియస్ 5.7కి వచ్చింది, గీత అంచుకి. గోడని పట్టి ఉంచడానికి రాయిలోకి దింపే కేబుల్ బోల్టులు పెట్టాలని రాసుకున్నాం. ఇక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్‌ని మెచ్చుకోవాలి. ఎనిమిది లెవెల్స్ పన్నెండయ్యాయి, క్రాస్‌కట్లన్నీ (డిక్లైన్ వైపు నుంచి ఖనిజానికి వెళ్లే అడ్డ దారులు) మారాయి, చేత్తో గీసిన డ్రాయింగ్‌లైతే నెల పట్టేది, రెండు రోజుల్లో అయిపోయింది. పైగా ఒకచోట క్రాస్‌కట్ స్టోప్ గోడకి 4 మీటర్ల దగ్గరగా పోతోందని అదే పట్టిచ్చింది. అంటే ఏం చూడాలో మనం చెప్తే చూస్తుంది.

స్టోప్ ఆప్టిమైజర్ గురించి రెండు మాటలు. బటన్ నొక్కితే కట్ ఆఫ్ దాటిన స్టోపులన్నీ తనే గీసి ఇస్తుంది, చూడ్డానికి మ్యాజిక్ లాగే ఉంటుంది. కానీ ఎక్కడో మూల ఒంటరిగా ఒక స్టోప్ వేస్తుంది, దానికోసం 150 మీటర్ల దారి తవ్వాలని దానికి పట్టదు. ఇంకోటి డైల్యూషన్, అంటే ఖనిజంలో కలిసిపోయే పనికిరాని రాయి. డిఫాల్ట్‌గా 10 శాతం అని పెట్టి ఉంది, మేమూ అలాగే వదిలేశాం. గోడలు రెండు వైపులా అర మీటరు చొప్పున రాలితే 8 మీటర్ల మందం దగ్గర అది 12.5 శాతం, 5 మీటర్ల దగ్గర 20 శాతం. సన్నటి చివరనున్న స్టోపుల్లో సగం ఆ లెక్కకి నష్టంలోకి పోయాయి. డిఫాల్ట్ అంకె ఏదైనా కనిపిస్తే అనుమానించండి, అది ఎవరి గనిదో తెలీదు, మీ గనిది మాత్రం కాదు.

వెంటిలేషన్‌కి వేరే ప్రోగ్రాం వాడాలి. ఇవన్నీ లోపల హార్డీ క్రాస్ 1936లో నీళ్ల పైపుల కోసం చెప్పిన లెక్కింపు పద్ధతి మీదో దాని సవరణల మీదో నడుస్తాయి. ముందు గాలి ఎంత కావాలో మనమే చెప్పాలి. నాలుగు ట్రక్కులు 300 కిలోవాట్లవి, మూడు లోడర్లు 200వి, మొత్తం 1800. డీజిల్ పొగని పలచబరచడానికి కిలోవాట్‌కి సెకనుకి 0.06 ఘనపు మీటర్లు వేసుకున్నాం, మొత్తం 108. ఇంత గాలి బయటికి పోవడానికి మేం గీసిన రిటర్న్ రైజ్ (రైజ్ అంటే పైకి వెళ్లే నిలువు దారి) వ్యాసం 2.4 మీటర్లు. అందులో గాలి వేగం సెకనుకి 24 మీటర్లు వచ్చింది, ఫ్యాన్ కరెంట్ బిల్లు చూసి నోట మాట రాలేదు. రైజ్‌ని 3 మీటర్లు చేశాం, అంతే. గాలికి అడ్డు వ్యాసం ఐదో ఘాతంతో తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క రైజ్‌లో రెసిస్టెన్స్ మూడో వంతుకి పడిపోయింది. డిజైన్ ప్యాకేజీలో ఈ రెండు రైజ్‌లకీ తేడా పైపు కాస్త లావుగా కనిపించడమే.

అన్నిటికంటే సిగ్గుపడ్డది మధ్యలో జరిగిన రివ్యూలో. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చాలాసేపు తెర మీద గనిని చూసి, డిక్లైన్‌లో ట్రక్కు తగలబడింది బాబూ, కింద 350 మీటర్ల దగ్గరున్నవాళ్లు ఎటు వెళ్తారు అని అడిగారు. రిటర్న్ రైజ్‌లో నిచ్చెన పెట్టాం సార్ అన్నాను ధైర్యంగా. గాలి ఎటు నుంచి లోపలికి వస్తోంది అన్నారు. డిక్లైన్ నుంచి. పొగ ఎటు పోతుంది? అప్పుడు వెలిగింది. మంటల పొగ మొత్తం డిక్లైన్ గాలితో పాటే కిందికి వచ్చి, మనుషుల్ని దాటుకుని, మేం నిచ్చెన పెట్టిన ఆ రైజ్‌లోంచే పైకి పోతుంది. రెండు దారులున్నాయని చూపించాం గానీ రెండూ పొగలోనే ఉన్నాయి. ఆ తర్వాత తాజా గాలి కోసం విడిగా ఇంకో రైజ్ వేసి, నిచ్చెన అందులోకి మార్చి, కింది లెవెల్స్‌లో రెఫ్యూజ్ ఛాంబర్లు, అంటే ప్రమాదంలో తలదాచుకునే గదులు, పెట్టాం. ఆ రాత్రి గ్రూపులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

షెడ్యూలింగ్ మాడ్యూల్ బాగుంది, కాకపోతే దాన్ని చాలా ఆలస్యంగా తెరిచాం. టేలర్ 1977లో చెప్పిన సూత్రం ప్రకారం 80 లక్షల టన్నులకి గని ఆయుష్షు పదిన్నర ఏళ్లు, ఏడాదికి ఏడున్నర లక్షల టన్నులు. ఇది మొదటి అంచనాకే, అయినా చాలా ఉపయోగం. మా ఎక్సెల్‌లో ఆరో నెల నుంచే ఖనిజం బయటికి వస్తున్నట్టు ఆదాయం రాసుకున్నాం. మాది కింద నుంచి పైకి తవ్వుతూ, ఖాళీ అయిన స్టోప్‌ని సిమెంట్ కలిపిన ఫిల్‌తో నింపుకుంటూ వచ్చే పద్ధతి, మొదటి ప్యానెల్ (ఒక విడతగా తవ్వే స్టోపుల గుంపు) అడుగు 220 మీటర్ల లోతులో ఉంది. డిక్లైన్ వాలు ఏడుకి ఒకటి, అంటే అక్కడికి చేరడానికే 1540 మీటర్లు తవ్వాలి. నెలకి 90 మీటర్ల చొప్పున 17 నెలలు. ఆ తర్వాత క్రాస్‌కట్, రైజ్, అప్పుడు గానీ మొదటి బ్లాస్ట్ లేదు. డిక్లైన్‌నీ స్టోపులనీ ఒకదానికొకటి లింక్ చేసి రన్ కొట్టగానే ఆదాయం గ్రాఫ్ కుడి వైపుకి జరిగిపోయింది, దాంతో పాటు ఎన్‌పీవీ (రాబోయే లాభం మొత్తానికి నేటి విలువ) కూడా దిగిపోయింది. ఈ పని రెండో నెలలో చేసుంటే మొదటి ప్యానెల్‌ని పైనే పెట్టుకునేవాళ్లం. ఒక హెచ్చరిక: రిసోర్సుల లెవెలింగ్ ఆన్ చేయకపోతే ఒకే జంబో (రాయిలో రంధ్రాలు వేసే యంత్రం) ఒకే షిఫ్ట్‌లో మూడు చోట్ల డ్రిల్ చేస్తున్నట్టు షెడ్యూల్ వస్తుంది, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది.

ఇక రోజువారీ తలనొప్పులు. సాలిడ్ (స్టోప్‌, సొరంగాల త్రీడీ ఆకారం) పూర్తిగా మూసుకోలేదని, ట్రయాంగిల్స్ ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయని ఎర్రర్లు, వాటిని ఒక్కొక్కటే వెతికి సరిచేయడం, డెడ్‌లైన్ ముందు రోజు ఇదే పని. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో బ్లాక్ సైజు మరీ చిన్నది పెడితే హ్యాంగ్ అయిపోతుంది. డ్రిల్ హోల్స్ 50 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు 2 మీటర్ల బ్లాకులు పెట్టి లాభం కూడా లేదు, లేని సమాచారం బ్లాక్ చిన్నదైతే పుట్టుకురాదు. హెల్ప్ ఫైల్ ఏ బటన్ ఎక్కడుందో చెప్తుంది, ఎప్పుడు నొక్కాలో చెప్పదు.

జూనియర్లకి నేను చెప్పేది ఇదే, బ్లాక్ మోడల్ వరకు మొదటి రోజు నుంచే వాడండి, ఆ తర్వాత ప్యాకేజీ మూసేయండి. పద్ధతి, స్టోప్ సైజు, ఏడాదికి టన్నులు, గాలి, రెండు దారులు, మొదటి ఖనిజం ఏ నెలలో, ఇవన్నీ కాగితం మీద, ఎక్సెల్ మీద తేలాక మళ్లీ తెరవండి. పోయినేడాది ఒక బ్యాచ్ అలాగే చేశారు, వాళ్ల డిజైన్ చూడ్డానికి మా దాని కంటే సాదాగా ఉంది, వీడియో లేదు, కానీ వైవాలో అడిగిన ప్రతి అంకెకీ వాళ్ల దగ్గర ఒక పేజీ ఉంది. రేటింగ్ ఇవ్వాలంటే గీయడానికి ఐదుకి నాలుగున్నర, నేర్చుకోవడానికి రెండు.

మరిచిపోయాను, స్టూడెంట్ లైసెన్స్ ముగిసే తేదీ ముందే చూసుకోండి. గడువు తీరాక ఫైల్ తెరుచుకోదు, వేరే ప్యాకేజీ ఆ ఫార్మాట్ చదవదు. సెక్షన్లు, ప్లాన్లు పీడీఎఫ్‌లోకి, సాలిడ్స్ డీఎక్స్ఎఫ్‌లోకి ముందే ఎగుమతి చేసి పెట్టుకోండి. మా గనిలో ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఆ మొదటి నెల తీసిన వీడియో ఒక్కటే, అందులో ఉన్నది ఒక్క నిర్ణయం కూడా లేకుండా గీసిన ఆ స్పైరల్ డిక్లైనే.