రిటైరైన పైలట్లకిచ్చే స్టాండ్‌బై పాస్, మా నాన్నతో వాడి చూశాక

రేటింగ్ 3/5. నాన్న 65 నిండి దిగిపోయారు, అంతర్జాతీయ ఫ్లైట్లు నడిపే పైలట్లకి ఐకావో (ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ) పెట్టిన లిమిట్ అదే (2006కి ముందు కెప్టెన్లకి 60 ఉండేది). ఐడీ కార్డు వెనక్కి ఇచ్చేశాక కాక్‌పిట్‌లో జంప్‌సీట్ (పైలట్ల వెనకుండే అదనపు సీటు) లేదు, క్రూ లైన్ లేదు, మిగిలింది ఈ పాసే.

బుకింగ్ ఈజీనే, పాత ఎంప్లాయీ నంబర్ కొడితే చాలు. అసలు బాధంతా గేట్ దగ్గరే, సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు, అదీ డ్యూటీలో ఉన్న స్టాఫ్ అందరి తర్వాత, నిన్న మొన్న చేరినవాళ్ళయినా సరే ముందుంటారు, అన్నేళ్ళు ఎగిరిన మనిషి పేరు మాత్రం స్క్రీన్ మీద అడుగున. మొదటి ఫ్లైట్ తప్పిపోయింది, రెండోదానికి పిలిచారు. లేవగానే నాన్న చెయ్యి ఛాతీ మీదకి వెళ్ళింది, ఐడీ వేలాడే చోటుకి, అక్కడేం లేదు. నాకు గొంతు పట్టేసింది.

జంప్‌సీట్ తీసేయడం నాకర్థమవుతుంది, 2001లో అమెరికాలో జరిగిన హైజాక్ దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపుల విషయంలో అంత జాగ్రత్త ఉండాల్సిందే. కానీ వెయిటింగ్ లిస్టులో సీనియారిటీ చూడ్డానికి సెక్యూరిటీతో పనేముంది? అది మార్చండి ప్లీజ్.

ఎక్కాక క్రూ మాత్రం బంగారం, కెప్టెన్ స్వయంగా సీటు దాకా వచ్చి "సర్, బాగున్నారా" అని పలకరించారు. వాడేవాళ్ళు పండగ సీజన్‌లో పెట్టుకోకండి, అస్సలు దొరకదు.