ఆటోమేటిక్ పికప్‌లో దబ్ శబ్దం: లక్ష మైళ్ల వాడకం తరువాత

లక్ష మైళ్లు దాటిన నా పికప్ గురించి ఎవరడిగినా ఒకటే చెబుతాను: గేరుబాక్సు గట్టిది, దాని వెనకాల ఉన్నవే అరుగుతాయి. వీ8 పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాలకు మాత్రమే డ్రైవ్, వెనక కమాన్ పట్టీలు. మేముండేది డాలస్ ఉత్తర శివార్లలో. వారమంతా నన్ను ఆఫీసుకు తీసుకెళ్లేది, పండగలకు గుడి వంటశాల గుండిగలు మోసేది, వేసవిలో టెక్సోమా సరస్సుకు పడవను లాగేది ఈ బండే. సీట్లకు, ఏసీకి వంక పెట్టలేను. పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది, ట్రైలర్ తగిలిస్తే మరీను. ఈ సంగతులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది గేరు మార్చినప్పుడు కింద నుంచి వచ్చే దబ్ శబ్దం గురించి.

60,000 మైళ్ల ప్రాంతంలో అది మొదలైంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే స్కానర్ తగిలించారు. లోపం చూపే కోడ్ ఒక్కటీ రాలేదు. అయినా గేరుబాక్సు విప్పి మళ్లీ కట్టాల్సిందేనంటూ 4,000 డాలర్లకు పైన అంచనా చేతిలో పెట్టారు. నాకు నమ్మకం కుదరలేదు. గేరుబాక్సు నిజంగా పోతుంటే దాని లక్షణాలు వేరుగా ఉంటాయి. లివర్‌ను రివర్స్‌లో వేశాక ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగకుండా, ఆ తరువాత దబ్బుమని పడితే ఆయిల్ తగ్గిందనో లోపల ప్రెషర్ చాలడం లేదనో అనుమానించాలి. గేరు మారేటప్పుడు బండి ముందుకు పోకుండా ఇంజను మాత్రం ఒక్కసారి గుయ్యిమంటే లోపల క్లచ్చులు జారుతున్నట్టు. నా బండిలో ఈ రెండూ లేవు. ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. లివర్ కదిలించిన వెంటనే గేరు పడేది, దానితోపాటే శబ్దం వచ్చేది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. న్యూట్రల్‌లో ఉన్నంతసేపు ఇంజను బలం వెనక్కి వెళ్లదు. రివర్స్‌లోనో డ్రైవ్‌లోనో వేయగానే టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) ద్వారా ఆ బలం ఒక్కసారిగా షాఫ్ట్‌కు, అంటే గేరుబాక్సు నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి కడ్డీకి, చేరుతుంది. గేరుబాక్సు నుంచి చక్రం దాకా ఎక్కడెక్కడ సందు ఉందో, అదంతా ఆ క్షణంలో మూసుకుంటుంది. మనకు వినిపించేది ఆ సందులన్నీ కలిసి చేసే చప్పుడు. చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన కొత్తలో ఐడిల్ వేగం (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజను తిరిగే వేగం) ఎక్కువ కాబట్టి చప్పుడూ ఎక్కువే. వేడెక్కి 600-700 ఆర్‌పీఎంకు దిగితే తగ్గుతుంది.

చిక్కేమిటంటే, నా బండిలో శబ్దం ఒకటి కాదు. గేరు వేసినప్పుడు వచ్చేది ఒకటి, ఎర్ర దీపం దగ్గర బండి ఆగీ ఆగగానే వెనక నుంచి ఎవరో మెల్లగా గుద్దినట్టు వచ్చేది ఇంకొకటి. రెండిటినీ కలిపి చెబితే ఏ మెకానిక్కూ తేల్చలేడు.

ఆగినప్పుడు వచ్చేదాన్ని అందరూ గేరు రెండు నుంచి ఒకటికి దిగే శబ్దమనుకుంటారు. పరీక్ష సులువు. లివర్‌ను మాన్యువల్‌లోకి తెచ్చి రెండో గేరులోనే ఉంచి ఆపండి. అప్పుడూ అదే చోట వస్తే గేరు దిగడానికీ దానికీ సంబంధం లేనట్టే. నా బండిలో అలాగే వచ్చింది. అది స్లిప్ యోక్ పని, అంటే గేరుబాక్సులోకి దూరి ముందుకూ వెనక్కీ జారే పళ్లున్న షాఫ్ట్ ముందు కొనది. బ్రేకు వేసినప్పుడు మెలితిరిగిన కమాన్ పట్టీలు బండి ఆగగానే సర్దుకుంటాయి. షాఫ్ట్ ముందు కొన ఆ మేరకు గేరుబాక్సులోకి కొద్దిగా జారాలి. పళ్ల మీద గ్రీజు ఆరిపోతే అది జారకుండా పట్టుకుని, ఒక్కసారి వదులుతుంది. ఆ వదలడమే మనకు గుద్దినట్టు తెలుస్తుంది.

షాఫ్ట్ విప్పే ముందు దాని వెనక కొనలోని యోక్ మీదా, దాని ఎదురు భాగం మీదా పెయింటుతో గీత పెట్టాను. తిరిగి అదే స్థానంలో బిగించకపోతే బ్యాలెన్సు తప్పి హైవే మీద అదురు మొదలవుతుంది. ముందున్న స్లిప్ యోక్ లాగగానే గేరుబాక్సు ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం తప్పనిసరి. పళ్లు శుభ్రంగా తుడిచి పల్చగా గ్రీజు పూశాను. ఎక్కువ పూస్తే మంచిదనుకోవద్దు. మిగులు గ్రీజు లోపల చిక్కుకుని యోక్‌ను కదలనివ్వదు. కొన్ని కంపెనీలు ఇదే సమస్యకు నికెల్ పూత వేసిన యోక్ ఇచ్చాయి. నేను గ్రీజుతోనే నెట్టుకొస్తున్నాను. ఏడాదికోసారి మళ్లీ చేయాల్సి వస్తోంది, ఈ బండి మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే.

గేరు వేసినప్పటి శబ్దానికి మా బావమరిది సాయం పట్టాడు. నాలుగు చక్రాలకూ అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలితో బ్రేకు నొక్కిపట్టి నేను రివర్స్, డ్రైవ్ మారుస్తుంటే అతను బానెట్ ఎత్తి పక్కన నిలబడి చూశాడు. “ఇంజను అంతగా లేవడం లేదు బావా, చప్పుడు మధ్యలోంచి వస్తోంది” అన్నాడు. అంటే ఇంజనును పట్టి ఉంచే మౌంటింగులు బాగానే ఉన్నాయి. తరువాత ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, కిందికి దూరి షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పాను. వెనక యూనివర్సల్ జాయింట్ (షాఫ్ట్ వంపులోనూ తిరిగేలా కలిపే కీలు), అదే లారీల వాళ్లు క్రాస్ అనేది, దాని కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపించింది. సీలు పోయి లోపల గ్రీజు లేదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పడవను నీళ్లలోకి దించే ర్యాంపు మీద వెనక భాగం తడవడమూ దానికి తోడై ఉంటుంది.

విప్పి చూస్తే క్రాస్ ఒకవైపు హాయిగా తిరుగుతోంది, రెండోవైపు సరిగ్గా మధ్యలో పట్టుకుంటోంది. క్రాస్ కాలు ఒకటి తుడిచి గోటితో గీస్తే వరసగా గీతలు తగిలాయి. సూది బేరింగులు ఇనుములోకి దిగిన అచ్చులవి. క్లారెన్స్ స్పైసర్ అనే ఆయన 1903లో పేటెంట్ తీసుకున్న జాయింటుకు ఈ క్రాస్ వారసురాలు. అంతవరకు ఎన్నో కార్లు సైకిల్ లాగా గొలుసుతో నడిచేవి. అంత పాత, అంత చవకైన భాగం కోసం నా గేరుబాక్సు విప్పబోయారు! కొత్త క్రాసులు రెండూ, గేరుబాక్సు కింది రబ్బరు మౌంటింగూ కలిపి ఆ అంచనాలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. మౌంటింగు సంగతి జాకీతో గేరుబాక్సును కొద్దిగా ఎత్తితే తెలిసింది, రబ్బరు లోహం నుంచి విడిపోయి నోరు తెరిచింది.

వాలులో పార్క్ నుంచి తీసేటప్పుడు వచ్చే ఠంగు శబ్దం మాత్రం రిపేరు కాదు, అలవాటు. బండి బరువంతా గేరుబాక్సులోని చిన్న కొక్కెం మీద పడి ఉంటుంది. ముందు న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు వదిలి, బరువు హ్యాండ్ బ్రేకు మీద నిలిచాకే పార్క్‌లో పెడితే ఆ శబ్దం రాదు. వెనక పడవ ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఇప్పటికీ చలికాలం పొద్దున్నే రివర్స్ వేస్తే ఒక చిన్న టక్ వినిపిస్తుంది. అది డిఫరెన్షియల్‌ది, అంటే షాఫ్ట్ తిప్పుడును రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టెది. దానిలోని క్రౌన్, పినియన్ అనే పెద్ద, చిన్న గేర్ల పళ్ల మధ్య 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల సందు ఉండడం మామూలే. దాని జోలికి పోలేదు. ఇలాంటి బండి పాతది కొనబోయేవాళ్లు మాత్రం చల్లటి ఇంజను మీదే లివర్ కదిపి చూడండి, టార్చి పట్టుకుని క్రాసు కప్పుల చుట్టూ ఎర్ర పొడి ఉందేమో వెతకండి. అమ్మేవాడు మీరు వచ్చేసరికి ఇంజను వేడి చేసి ఉంచితే, మర్నాడు పొద్దున్న మళ్లీ వస్తానని చెప్పండి.