తల ఆపరేషన్‌కి సెవోనా, ఐసోనా, డెస్సా?

క్రేనియాటమీ, అంటే పుర్రె తెరిచే ఆపరేషన్ కేసు పడితే చాలు, నెల్లూరులో మత్తు డాక్టర్లయిన మా జూనియర్లు అడిగే మాట ఒకటే: "సార్, ఏ వేపరైజర్ పెట్టమంటారు?" వేపరైజరంటే మత్తుమందుని ఆవిరి చేసి పంపే డబ్బా, మోతాదు దాని డయల్‌తో తిప్పుతాం. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ మూడిట్లో నేను సెవోఫ్లూరేన్ అంటాను. ఎందుకో చెబుతా.

మెదడు ఉబ్బు సంగతి ముందు. పీల్చే మత్తుమందులన్నీ మెదడు రక్తనాళాలను వెడల్పు చేసేవే. సెవోకి ఆ గుణం కాస్త తక్కువ, ఒక మ్యాక్ (సగం మందిని కోతకి కదలకుండా ఉంచే మోతాదు) దాకా ఆటోరెగ్యులేషన్ జోలికి, అంటే బీపీ మారినా మెదడు తన రక్తప్రవాహాన్ని నిలుపుకునే గుణం జోలికి, పెద్దగా పోదు. అయినా మ్యాక్ ఒకటికి లోపల ఉంచి, ఈటీసీఓటూ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్) 30–35 మధ్య పట్టుకుంటే ఐసోఫ్లూరేన్‌తోనూ చాలా కేసుల్లో ఇబ్బంది రాదు. హైవే మీద బైకు పడి, డ్యూరా (మెదడు మీది పొర) తెరవగానే మెదడు పొంగుకొచ్చే కేసయితే మాత్రం డయల్ కట్టేసి నరంలోకి ఎక్కించే ప్రొపోఫాల్ మీదికి వెళ్లండి. అక్కడ ఏ గ్యాసూ మేలు కాదు.

నా లెక్కలో తేల్చేది లేపడం. పుర్రె మూశాక లోపల రక్తం చేరుతుంటే ఆ కబురు ముందుగా మనిషి మాటలో, చేతి పట్టులో తెలుస్తుంది. మత్తు దిగకపోతే అది మనదాకా రాదు. రక్తంలో ఎంత తక్కువ కరిగితే మత్తు అంత త్వరగా దిగుతుంది; ఆ కరిగే లెక్క ఐసోకి 1.4, సెవోకి 0.65. రెండు గంటల కేసులో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, ఐసో చవక కూడా. ఆరు గంటలు సాగితే ఐసో కండలో, కొవ్వులో చేరి నెమ్మదిగా వదులుతుంది. కొన్నేళ్ల కిందట అలాంటి కేసులోనే, ఐసో ఆపి నలభై నిమిషాలైనా ఒకామె కళ్లు తెరవలేదు. మందా, రక్తమా తేలక ట్యూబుతోనే సీటీ స్కాన్‌కి తీసుకుపోయాం. చేత్తో గాలి కొట్టే అంబూ సంచి నొక్కుతూ నడుస్తుంటే ఆమె కొడుకు వెంటపడ్డాడు, "అమ్మ లేచిందా సార్?" అని. సీటీలో ఏమీ లేదు. గంట తర్వాత లేచింది. ఆ గంట నేను మర్చిపోలేదు.

అట్లయితే డెస్‌ఫ్లూరేన్ ఇంకా మేలు కదా అంటారు. 0.42తో అన్నిటికన్నా త్వరగా దిగేది అదే, లావుపాటి పేషెంట్లలో బాగా తెలుస్తుంది. కానీ ఒక మ్యాక్ దగ్గరే ఆటోరెగ్యులేషన్‌ని చెడగొడుతుంది, గొంతులో మంట పుట్టిస్తుంది. తల కుట్టిన మనిషి దగ్గితే తలలో ప్రెషర్ పెరుగుతుంది. 23 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి వేడిచేసే వేపరైజర్ వేరే కావాలి. పాత మత్తుమందు హేలోథేన్ తలకి వద్దు. నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు కూడా వద్దు, లోపల మిగిలిన గాలిని ఉబ్బిస్తుంది.

సెవోతోనూ ఒక జాగ్రత్త. మోతాదు ఎక్కువై, హైపర్‌వెంటిలేషన్ (మామూలు కన్నా ఎక్కువగా ఊపిరి కొట్టడం) కూడా తోడైతే ఈఈజీలో, అంటే మెదడు కరెంటు గీతల్లో, ఫిట్స్ లాంటివి రావచ్చు. వయసు పైబడిన వాళ్లకి మ్యాకే తగ్గుతుంది, డయల్ అందుకు తగ్గట్టు తిప్పండి. డ్యూరా కుట్టడం మొదలవగానే తగ్గిస్తూ రండి.

మొన్న మెనింజియోమా (మెదడు పొరల గడ్డ) తీసిన రైతుకి అలాగే చేశాను. తలకి కట్టు కట్టి, ట్యూబు తీసిన కాసేపటికి అడిగా, "ఏ ఊరు పెద్దాయనా?"

"ఇందుకూరుపేట," అన్నాడు బొంగురుగా. నా రెండు వేళ్లు ఎడంచేతిలో పెడితే గట్టిగా నొక్కాడు.