తొడలో రాడ్‌తో పదకొండేళ్లుగా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చెక్

నా కుడి తొడ ఎముకలో మెటల్ రాడ్ వేసి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి పని మీద దేశాలు తిరుగుతూనే ఉన్నాను. మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటితే చాలు, మోగుతుంది. కాబట్టి ఎక్కడ ఎలా చూస్తారో నాకు బాగానే తెలిసొచ్చింది.

ఇండియాలో ఎక్కువ ఎయిర్‌పోర్టుల్లో ఉండేది సీఐఎస్‌ఎఫ్ వాళ్లు. గుమ్మం మోగినా మోగకపోయినా అందరినీ చేతి డిటెక్టర్‌తో, చేత్తో తడిమి చూస్తారు. చాలామంది విసుక్కుంటారు గానీ నాకు ఇదే నయం, ఎందుకంటే అక్కడ నన్నొక్కడినే పక్కకు లాగరు, "కాల్లో రాడ్ ఉంది సార్" అంటే నొక్కి చూసి పంపేస్తారు. విసుగొచ్చేది ట్రేల దగ్గరే. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, ఛార్జర్లు అన్నీ బయటికి తీయాలి, ఒక్కటి మర్చిపోయినా బ్యాగు పక్కకు పోతుంది, ఇంకో పావుగంట.

అమెరికా సంగతి అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. చేతులు పైకెత్తి నిలబడే స్కానర్‌లో నా రాడ్ అసలు పట్టుబడదు. ఆ మిల్లీమీటర్ తరంగాలు బట్టలు దాటి చర్మం దగ్గరే ఆగిపోతాయి, ఎముక దాకా వెళ్లవు. జేబులో మడిచిన కాగితం దొరుకుతుంది, తొడలో అడుగుకు పైగా ఉన్న లోహం దొరకదు. ఇది తెలియకే నేను డబ్బు కట్టి ప్రీచెక్ తీసుకున్నాను, అంటే ముందే మన వివరాలు చూసి చెకింగ్ తేలిక చేసే అమెరికా పథకం. బూట్లు, బెల్టు విప్పక్కర్లేదు, లైను చిన్నది, అంతా నిజమే, కానీ ఆ లైన్లో ఎక్కువగా ఉండేది మెటల్ డిటెక్టర్ గుమ్మమే! మళ్లీ మోత, మళ్లీ తడమడం. ఇప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్లకముందే చెప్పేసి స్కానర్ అడుగుతున్నాను. డాక్టర్ లెటర్ చూపిస్తే వదిలేస్తారని మాత్రం అనుకోకండి, వదలరు. మామూలు లైన్లో బూట్లు విప్పించే రూల్ 2006 నుంచి ఉండి 2025 జులైలో పోయింది. వంగి లేసులు కట్టుకోలేని వాళ్లకు అదెంత ఊరటో నాకు తెలుసు.

ఇజ్రాయెల్‌లో యంత్రాల కన్నా ముందు మనుషులు అడుగుతారు, బ్యాగు ఎవరు సర్దారు, ఎవరైనా ఏమైనా ఇచ్చారా, ఎందుకొచ్చారు అని. కాస్త టెన్షనే, కానీ రాడ్ విషయం అక్కడే చెప్పేసే వీలుంది. సింగపూర్ చాంగీలో మూడు టెర్మినళ్లలో చెకింగ్ గేటు దగ్గరే, మన విమానం వాళ్లే ఉంటారు కాబట్టి తోపులాట తక్కువ. జపాన్ దేశీయ విమానాల్లో నీళ్ల సీసా కూడా తీసుకెళ్లనిస్తారు, మెషీన్‌లో పరీక్షించి తిరిగిస్తారు.

ద్రవాల గోల మాత్రం ఇంకా తీరలేదు. 2006 ఆగస్టులో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక చేతి బ్యాగులో ఏ ద్రవం సీసా అయినా 100 మి.లీ. మించకూడదనే ఈ రూల్ వచ్చింది. ఇప్పుడు బ్యాగును అన్ని వైపుల నుంచీ చూపించే సీటీ స్కానర్లు వచ్చి కొన్నిచోట్ల సడలించారు, లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్ 2023లోనే 2 లీటర్ల దాకా ఒప్పుకుంది. అయితే వెళ్లేటప్పుడు ఒప్పుకున్నారని వచ్చేటప్పుడు ఒప్పుకోరు. అలా నమ్మి, యూరప్‌లో ఒక ఎయిర్‌పోర్టులో నొప్పికి రాసుకునే నూనె సీసా పారేయాల్సి వచ్చింది. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఒక్క బోర్డు ఉన్నా పెద్ద బ్యాగులో వేసుకునేవాడిని.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ఇంకోచోట. పేరు చెప్పను. నన్ను గోడ వైపు తిప్పి ఇరవై నిమిషాలు నిలబెట్టారు, ఎందుకో చెప్పలేదు, అంతసేపూ నా పాస్‌పోర్ట్, ల్యాప్‌టాప్ ఉన్న ట్రే బెల్టు చివర అందరి మధ్య పడి ఉంది. తడమడం మీద నాకు అభ్యంతరం లేదు, ఎంతసేపైనా చూసుకోండి, కానీ నా సామాను నా కళ్లకు కనబడాలి కదా. అప్పటి నుంచి ఏ దేశమైనా సరే, పక్కకు రమ్మనగానే నేను అడిగే మొదటి మాట అదే, "నా ట్రే కూడా ఇటు తెప్పించండి." ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.