ఎ, బి ఫ్లాట్, సి: పాత క్లారినెట్లలో ఏది మేలు?

"అర స్వరం తేడా కోసం ఎ, బి ఫ్లాట్ అని రెండు క్లారినెట్లు ఎందుకండీ, ఒకటి చాలదా" అని క్లారినెట్ నేర్చుకునేవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. క్లారినెట్ మీద సి వేళ్ళు పెడితే ఏ స్వరం పలుకుతుందో అదే దాని పేరు, మన లెక్కలో ఎ క్లారినెట్ ఆరు శృతి, బి ఫ్లాట్ ఆరున్నర, సి ఒకటి. ఇప్పటి 17 కీల (రంధ్రాలు మూసి తెరిచే మీటల) వాయిద్యం మీదైతే ఎ ఏదో బి ఫ్లాట్ ఏదో కళ్ళు మూసుకుని చెప్పడం కష్టమే, ఒప్పుకుంటా. మోజార్ట్ కాలం నాటి ఐదు కీల, బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రతో చేసిన క్లారినెట్ సంగతి వేరు.

అందరూ ఎ కాస్త పొడుగు కాబట్టి మెత్తగా పలుకుతుంది అంటారు, నిజమే, కానీ నా ఉద్దేశంలో అసలు సంగతి వేళ్ళ దగ్గరుంది. కీలు ఐదే కాబట్టి షార్పులు, ఫ్లాట్లు (అర స్వరం పెంచినవి, తగ్గించినవి) చాలావరకు ఫోర్క్ ఫింగరింగ్‌తోనే తియ్యాలి, అంటే మధ్య రంధ్రం వదిలేసి దాని కిందది మూయాలి, అప్పుడు ఆ స్వరం గొంతు పూడుకుపోయినట్టు వస్తుంది. మోజార్ట్ 1791 క్లారినెట్ కాన్సెర్టో (ఆర్కెస్ట్రా ముందు ఒక్క వాయిద్యం నడిపించే రచన) ఎ మేజర్‌లో ఉంటుంది కదా, ఎ క్లారినెట్ పట్టుకుంటే వేళ్ళకి అది సి మేజర్, షార్పు ఒక్కటీ లేదు, అన్నీ విచ్చుకుని పలుకుతాయి. అదే బి ఫ్లాట్ మీద వాయిస్తే బి మేజర్ అవుతుంది, ఏడు స్వరాల్లో ఐదు షార్పులే, చేతులు పడే అవస్థ పక్కనపెట్టినా పాట సగం ముసుగేసుకున్నట్టు ఉంటుంది. మోజార్ట్ అది రాసింది తన స్నేహితుడు, క్లారినెట్ విద్వాంసుడు స్టాడ్లర్ వాయించే బాసెట్ క్లారినెట్ కోసం, అదీ ఎ శృతే, మామూలుదానికన్నా ఇంకో నాలుగు అర స్వరాలు కిందికి దిగుతుంది. 1801లో అచ్చు వేసినప్పుడు ఆ కింది స్వరాల్ని మామూలు క్లారినెట్‌కి అందేలా పైకి జరిపేశారు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అలాగని బి ఫ్లాట్‌ని తక్కువ చెయ్యలేం. బి ఫ్లాట్ మేజర్, ఈ ఫ్లాట్ మేజర్ పాటలకి వేళ్ళు దాని మీదే హాయిగా నడుస్తాయి, పదమూడు వాయిద్యాలకి మోజార్ట్ రాసిన గ్రాన్ పార్టీటాలో ఉన్నవి ఆ క్లారినెట్లే. తర్వాత జర్మన్ స్వరకర్త బ్రామ్స్ కూడా క్లారినెట్ విద్వాంసుడు మ్యూల్‌ఫెల్డ్ వాయించడం విని 1891 క్వింటెట్ (ఐదుగురు వాయించే రచన) ఎ కి రాశాడు, 1894 సొనాటాలు (క్లారినెట్, పియానో కలిసి వాయించేవి) రెండూ బి ఫ్లాట్‌కి రాశాడు.

సి అయితే పొట్టిది, గొంతు కాస్త పదును. బీథోవెన్ ఐదో సింఫనీలో చివరి భాగం దగ్గరికి వచ్చేసరికి బి ఫ్లాట్ దించి సి పట్టుకోమంటాడు, ఆ వెలుగు సి లోనే ఉంది, దాన్ని బి ఫ్లాట్ మీద లాగించెయ్యకండి. డి క్లారినెట్ అయితే 18వ శతాబ్దపు స్వరకర్త మోల్టర్ కాన్సెర్టోలు వాయించేవాళ్ళకి తప్ప అక్కర్లేదు.

ఈమధ్య నేను పాత క్లారినెట్‌కి బాక్స్‌వుడ్ కాపీ కొనాల్సి వచ్చినప్పుడు ఎ కే ఓటేశా. మీకు ఎ, బి ఫ్లాట్ రెండూ కావాలి, డబ్బు ఒకదానికే ఉంది అంటే, అప్పట్లో వాళ్ళు చేసినట్టే జాయింట్లు (విడదీసి బిగించే ముక్కలు) మార్చి బి ఫ్లాట్‌ని ఎ గా చేసుకునే రకం అడగండి.