వీకెన్ ప్రశ్నల సాధనకు జీమ్యాట్ ఉచిత మాక్‌లు సరిపోతాయా?

ఎంబీఏ డాట్ కామ్‌లో ఖాతా తెరిస్తే రెండు పూర్తి మాక్ టెస్టులు, కొన్ని విడి ప్రశ్నలు ఉచితంగా దొరుకుతాయి. ఇచ్చేది ఎంబీఏ ప్రవేశపరీక్ష అయిన జీమ్యాట్‌ను నిర్వహించే జీమ్యాక్ సంస్థే. వాదనలను పరిశీలించే క్రిటికల్ రీజనింగ్‌లో, అందులోనూ వాదనను బలహీనపరచమనే వీకెన్ ప్రశ్నల్లో మార్కులు పోతున్నవారికి ఇవి ఎంతవరకు అక్కరకొస్తాయో చూద్దాం. నాణ్యతలో వీటికి సాటి లేదు, సంఖ్యే చాలదు.

2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో వాక్యాల్లో తప్పులు దిద్దే సెంటెన్స్ కరెక్షన్ లేదు. భాషా సెక్షన్ అయిన వెర్బల్‌లో 45 నిమిషాలకు 23 ప్రశ్నలు, అవన్నీ రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగే. పైగా మొత్తం స్కోరులో మూడు సెక్షన్లకూ సమాన వెయిటేజీ. లెక్కల సెక్షన్ క్వాంట్ మీద భరోసా పెట్టుకుని, వెర్బల్‌ను గ్రామర్ రూల్స్‌తో నెట్టుకొద్దామనుకునే మన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆ దారి మూసుకుపోయింది. ఐఎస్‌బీకి వెళ్లాలన్నా, అమెరికాలో ఎంబీఏ చేయాలన్నా వాదనను విప్పి చూడటం నేర్చుకోక తప్పదు.

జీమ్యాక్ స్వయంగా ఇచ్చే అఫీషియల్ ప్రశ్నల గొప్పతనం సరైన జవాబులో కంటే తప్పు ఆప్షన్లలోనే కనిపిస్తుంది. ఒక్కో తప్పు ఆప్షన్ ఒక్కో రకమైన తొందరపాటును పట్టుకునేలా రాసి ఉంటుంది. వాటి పద్ధతిలోనే ఇక్కడ కొత్తగా కట్టిన ఒక ప్రశ్న చూడండి. ఒక పట్టణంలో ప్రధాన కూడళ్ల దగ్గర స్పీడ్ కెమెరాలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ కూడళ్లలో ప్రమాదాలు మూడో వంతు తగ్గాయి. కాబట్టి ఈ తగ్గుదలకు కెమెరాలే కారణమని అధికారులు తేల్చారు. ఈ వాదనను ఎక్కువగా బలహీనపరిచేది ఏది?

ఎ) కెమెరాలకు అనుకున్నదానికి రెట్టింపు ఖర్చయింది.
బి) కెమెరాలు ఉన్న సంగతి కొందరు డ్రైవర్లకు తెలియదు.
సి) అదే ఏడాది బైపాస్ తెరవడంతో ఆ కూడళ్ల మీదుగా వెళ్లే లారీలు ఊరి బయటి నుంచే వెళ్లిపోతున్నాయి.
డి) కెమెరాలు లేని కూడళ్లలో ప్రమాదాలు తగ్గలేదు.
ఇ) పక్క పట్టణంలో కెమెరాలు పెట్టాక ప్రమాదాలు పావు వంతే తగ్గాయి.

జవాబు సి. తగ్గుదలకు మరో కారణం చూపిస్తోంది కనుక. ఎ కెమెరాల మీద విమర్శే, కానీ వాదన ఖర్చు గురించి కాదు. బిలో ‘కొందరు’ ఎందరో తెలియదు, మిగతావాళ్లు వేగం తగ్గిస్తే చాలు, వాదన నిలబడుతుంది. ఇలో ‘పావు వంతే’ అన్నమాట నిరుత్సాహంగా వినిపించినా, అక్కడ కూడా ప్రమాదాలు తగ్గాయనే కదా చెబుతున్నది. ఎక్కువమంది పడేది డి దగ్గర. ‘తగ్గలేదు’ అన్న వ్యతిరేకపదం చూసి బలహీనపరుస్తోందనుకుంటారు. నిజానికి కెమెరా ఉన్నచోట తగ్గి, లేనిచోట తగ్గకపోతే వాదనకు బలం పెరుగుతుంది. వీకెన్ ప్రశ్నల్లో బలపరిచే ఆప్షన్ ఒకటి పక్కనే కాచుకుని ఉండటం మామూలే. బయట దొరికే చాలా నకలు ప్రశ్నల్లో ఈ పొందిక ఉండదు. నాలుగు ఆప్షన్లు విషయానికే సంబంధం లేకుండా ఉంటాయి, లేదా రెండు ఆప్షన్లు సమానంగా బలహీనపరుస్తుంటాయి. అలాంటివాటితో సాధన చేస్తే అలవాటే చెడుతుంది.

ఒక్కో ప్రశ్నకు సగటున దొరికేది రెండు నిమిషాల లోపే. ముందు ప్రశ్న వాక్యం చదవండి. తర్వాత వాదన చదివి, చివరికి ఏం తేల్చారో నాలుగైదు మాటల్లో రాసుకోండి. ‘కెమెరాల వల్లే తగ్గాయి’ అన్నంత చిన్నగా చాలు. దీనికి యాభై సెకన్లు. ఇంకో పది సెకన్లు, చెప్పిన ఆధారానికీ తేల్చిన మాటకూ మధ్య ఖాళీ ఎక్కడుందో చూడండి. అప్పుడే ఆప్షన్ల జోలికి వెళ్లాలి. ఇచ్చిన ఆధారాన్ని కొట్టిపారేయడం మన పని కాదు. ప్రమాదాలు తగ్గాయన్నది ఒప్పుకునే మాటే. అలాగే ప్రశ్నలో ‘ఇది నిజమైతే’ అని ఉంటుంది కనుక ఆప్షన్‌ను కూడా నిజమనే తీసుకోవాలి. ‘అలా జరుగుతుందా’ అని శంకిస్తే సమయం పోతుంది. వాదన పూర్తిగా కూలనక్కర్లేదు, నమ్మకం కొంత సడలితే చాలు.

కారణం చెప్పే వాదనలకు ఇంకో కారణం, లేదా కార్యకారణాలు తారుమారవడం చూడాలి. పథకం చెప్పే వాదనల్లో గురి లక్ష్యం మీదే ఉండాలి. ప్లాస్టిక్ సంచులకు రుసుము పెడితే ప్లాస్టిక్ చెత్త తగ్గుతుందన్నారనుకోండి. దుకాణదారులకు అది ఇష్టం లేదన్నది జవాబు కాదు. ఇన్నాళ్లూ ఆ సంచులనే చెత్తబుట్టల్లో వేసుకున్నవాళ్లు ఇప్పుడు అంతకంటే మందపాటి సంచులు కొంటున్నారన్నది జవాబు. అంకెల వాదనల్లో వాటాకూ సంఖ్యకూ తేడా మరవకండి. మొత్తం ప్రమాదాల్లో బైకుల వాటా 40 నుంచి 50 శాతానికి పెరిగినా, మొత్తం 1000 నుంచి 700కి పడిపోతే బైకు ప్రమాదాలు 400 నుంచి 350కి తగ్గినట్టే.

ఇక ఈ మాక్‌ల లోటు. 23 వెర్బల్ ప్రశ్నల్లో రీడింగ్ పోగా మిగిలే క్రిటికల్ రీజనింగ్‌లో వీకెన్‌వి ఏ రెండో మూడో ఉంటాయి. రెండు మాక్‌లూ కలిపినా చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి వీకెన్ సాధన కోసం మాక్‌ను ఖర్చు చేయకండి. విడి ప్రశ్నలను సాధనకు వాడుకుని, మాక్‌లను పరీక్ష దగ్గరపడ్డాక అసలు సమయంతో, మధ్యలో ఆపకుండా రాయండి. మాక్‌ను మళ్లీ రాసే వీలుంది కానీ చూసిన ప్రశ్నలు తిరిగి ఎదురవుతాయి, ఆ స్కోరును నమ్మలేం. సెక్షన్ చివర మూడు జవాబుల వరకు మార్చుకోనిస్తారు కనుక, రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కున్న వీకెన్ ప్రశ్నను బుక్‌మార్క్ చేసి ముందుకు సాగడం మాక్‌లోనే అలవాటు చేసుకోవాలి.

సంఖ్య కొరతకు మందు ఎల్‌శాట్. అమెరికా లా స్కూళ్ల ప్రవేశపరీక్ష అది. లాజికల్ రీజనింగ్ సెక్షన్‌లో 35 నిమిషాలకు పాతిక ప్రశ్నల దాకా ఉంటాయి. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల సెక్షన్ తీసేసి, మార్కులకు లెక్కించే ఇలాంటి సెక్షన్లు రెండు చేశారు. దాన్ని నిర్వహించే ఎల్‌శాక్ వారి లాహబ్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతాకే కొన్ని పాత పేపర్లు తెరుచుకుంటాయి. వీకెన్ ప్రశ్నలు అక్కడ దండిగా దొరుకుతాయి. వాక్యాలు జీమ్యాట్ కంటే చిక్కగా ఉంటాయి కనుక మొదటి వారం గడియారం పెట్టకండి. ప్రతి తప్పుకూ మీరు ఎంచుకున్న ఆప్షన్ ఎందుకు ఆకర్షించిందో ఒక్క వాక్యం రాయండి: ‘తిరగేసి చదివాను’, ‘కొందరు అన్నది చూడలేదు’, ‘లక్ష్యం మరిచాను’. ఇరవై ప్రశ్నలయ్యేసరికి ఒకే వాక్యం పదేపదే కనిపిస్తుంది, సరిచేయాల్సింది దాన్నే. అక్కడ అప్పుడప్పుడు ‘ఒకటి తప్ప మిగతావన్నీ బలహీనపరుస్తాయి’ అనే ప్రశ్న వస్తుంది. దాని జవాబు వాదనను బలపరచనక్కర్లేదు, ఊరికే సంబంధం లేనిదై ఉండొచ్చు.

డబ్బు కట్టి తీసుకునే మిగతా అఫీషియల్ మాక్‌ల గురించి: ఉచిత మాక్‌లు రెండూ పూర్తయి, స్కోరు అనుకున్నదానికి దగ్గరగా వచ్చినవారే కొనాలి. అవి కొలవడానికి మంచివి. వీకెన్ ఇంకా పట్టుబడనివారికి అవి కొన్నా ఆ కొద్ది ప్రశ్నలే దొరుకుతాయి.